పంటి వెండి

జమ్మలమడుగు బస్సు ప్రొద్దుటూరు స్టాండు దాటి పది నిమిషాలు కూడా కాలేదు, సరోజమ్మ అప్పటికే రెండుసార్లు పక్క సీటులో ఉన్న ఆడమనిషిని ఇంకెంత దూరమని అడిగింది. అడిగిందో, అడిగాననుకుందో. ఎడమ దవడ తనది కాదు. పంటి డాక్టరు సమీరా సూదిమందు వేసి అరగంటయింది, కింది పెదవికి ఏదో బరువు కట్టినట్టుంది, చొంగ కారుతోందేమోనని కొంగుతో తుడుచుకుంటే కొంగు పొడిగానే ఉంది. కండక్టరు వచ్చి ఆధారు చూపించమంటే సంచీ అంతా వెతికి రేషను కార్డు తీసిచ్చింది. నాలుక మాత్రం ఊరుకోవడం లేదు, పోయి పోయి ఆ పంటి గుంతలోనే దూరుతోంది. ఇరవై రెండేళ్లు అక్కడ కూర్చున్న నల్లముక్క ఇప్పుడు లేదు, దూది ఉంది. ఇరవై రెండేళ్లు దానిమీదే అన్నం నమిలింది, చెనిక్కాయలు కొరికింది, వెండి సిమెంటు అని ఊరంతా చెప్పుకుంది. మా నోట్లో కూడా వెండేనమ్మా, మా యాపారం అట్లాంటిది మరి, అని అంగడికి వచ్చిన ఆడవాళ్లను ఎన్నిసార్లు నవ్వించిందో. ఆ నోరు పాడుగాను. అందులో సగం పాదరసమంట.

సగం. గుప్పెడంత కూడా కాని ఆ డాక్టరు పిల్ల, మాస్కు కిందికి లాగి, చేతిలో పనిముట్టు పక్కన పెట్టి మరీ చెప్పింది. అసలు ఆ ముక్క కోసం చెయ్యి చాచకపోయి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు. వెండి అంగడి మనిషికి అలవాటు ఎక్కడికి పోతుంది? తెగిన పట్టీ గజ్జె, విరిగిన కుంకుమభరిణె మూత, చివరికి అంగడి ఊడ్చిన దుమ్ము కూడా డబ్బాలో పోసి దాచే ఇల్లు అది. ముప్పై నాలుగేళ్లుగా మొగుడు బాలసుబ్రహ్మణ్యం పక్కన కూర్చుని ఆమె నేర్చుకున్నదే అది, వెండి అన్నది పిసరంత కూడా బయట పారేయకూడదని. అందుకే నోరు వంకర పోతున్నా చెయ్యి చాచింది. "ఆ ముక్క నాకిచ్చేయమ్మా. కరిగిస్తాం. మొన్న ఇట్లాంటివే ఒక సీసాడు కరిగిచ్చినాం." సమీరా ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "యాడ కరిగించినారమ్మా?" ఇంట్లోనే. "ఇంట్లో అంటే? పెరట్లోనా?" వాన గదమ్మా, నడిమింట్లో. "కిటికీలు తెరిచి పెట్టినారా?" సరోజమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ గదిలో ఎవరెవరుండారు?" సరోజమ్మ ఒక వేలు చూపించింది, మా ఆయన. రెండో వేలు ఎత్తి, అక్కడే ఆగిపోయింది. ఆ రెండో వేలికి ఐదో నెల.

నోట్లో ఉన్నన్నాళ్లు అది గట్టిగా పట్టుకుని ఉంటాదమ్మా, నీ పంటి గురించి భయం లేదు, ఇప్పుడు మేం పెట్టడం మానేసినాం గాని పెట్టినవాళ్లంతా బాగానే ఉండారు, అని సమీరా నిదానంగానే చెప్పింది. నిప్పు మీద పెడితే మాత్రం పాదరసమంతా ఆవిరైపోతాది. కంటికి కనపడదు. వాసన రాదు. దగ్గు, జొరం, ఆయాసం, చేతులు వణకడం, చిగుళ్లు వాచడం. ఒక్కో మాటా చెప్తూ ఉంటే సరోజమ్మకు ఒక్కో మనిషి కనపడ్డాడు. దగ్గు ఆయన. జొరం ఆయన. ఆయాసం ఆయన. చేయి వణికి కాఫీ గ్లాసు జారింది ఆయన చేతిలోంచే. నోరంతా ఇనుం నాకినట్టుండాదత్తా అన్నది మాత్రం కోడలు శిల్ప. కడుపుతో ఉన్నోళ్లకు నోరు అట్లనే ఉంటాదిలే, నేను పృథ్వీని మోసేటప్పుడు నాకు మన్ను తినబుద్ధయ్యేది, అని తనే కొట్టిపారేసింది. పన్నెండు రోజులు. పన్నెండు రోజులు వైరల్ జొరమని మాత్రలు మింగించింది, మిరియాల కషాయం కాచింది, అమ్మవారిశాలకు పోయి కొబ్బరికాయ కొట్టింది. ఓరి దేవుడా, కషాయమంట కషాయం!

బస్సు ఆగింది, ఎవరో దిగారు, నాపరాళ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ ఎదురొచ్చింది, కిటికీ మూయమ్మా అని వెనకనుంచి ఎవరో అన్నారు. సరోజమ్మ చెయ్యి కిటికీ మీదికి పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది. మూయదు. ఇంక ఈ జన్మలో ఏ కిటికీ మూయదు. వెనకాయన గొణుక్కుంటూ లేచి తనే మూసుకున్నాడు. అవతల శనగ చేలు, నల్లరేగడి మీద ఇంకా తడి ఆరలేదు, మొన్నటి తుపాను వాన. ఆ వానే లేకపోయి ఉంటే ఎప్పటిలా పెరట్లోనే కుంపటి పెట్టేవాడు. వాననెందుకు అనాలి, తనను తాను అనుకోక! నాలుగు రోజులు ఆగితే ఏం కొంపలు మునిగేవి? బిడ్డ పుట్టడానికి ఇంకా నాలుగు నెలలుంది. అయినా తొందర. ఉగ్గుగిన్నె చేయించాలని తొందర. అంగడిలో కొత్తవి వరసగా పేర్చి ఉన్నాయి, అందులోంచి ఒకటి తీసుకుంటే సరిపోయేది. కాదు, మనవడికి పోసే వెండి ఇంట్లోనే కరగాలి, తల్లి కళ్లముందే కరగాలి. పృథ్వీ కడుపులో ఉన్నప్పుడు తన అత్త తనను అట్లాగే పీట వేసి కూర్చోబెట్టింది. ఆమెను ఆమె అత్త కూర్చోబెట్టిందంట. జమ్మలమడుగు గుడ్డల అంగడివాళ్ల పిల్ల, శిల్పకు ఇదంతా కొత్త, "నేనెందుకత్తా ఆడ, నాకు ఉక్కబోస్తాది" అనింది. అనలేదా? అనింది. తను వినలేదు.

ఆ సీసా పులివెందులది. పుట్టిల్లని చెప్పుకోవడానికి తమ్ముడి ఇల్లు తప్ప అక్కడ ఏమీ మిగల్లేదు, తమ్ముడి కూతురి ఓణీలకని పోయింది. పోయినప్పుడు మసరత్ కనపడింది. ఇరవై రెండేళ్ల కింద ఈ పన్ను నింపిన ముసలి డాక్టరు దగ్గర ఆయాగా చేసిన మనిషి. డాక్టరు పోయాడు, ఆస్పత్రి మూసేశారు, ఆయన కొడుకు సామానంతా అమ్మేస్తూ ఈ సీసాను ఏం చేయాలో తెలియక మసరత్‌కే వదిలేశాడు. హార్లిక్సు సీసా. అడుగున నల్లటి పలుకులు, పైన బెత్తెడు నీళ్లు. "సారు ఎప్పుడూ ఒకటే చెప్తాండె అక్కా, నీళ్లు తగ్గనీయొద్దు మసరత్, ఎండనీయొద్దు, కాలవలో పారబోయొద్దు అని. నేను ఇన్నేండ్లూ నీళ్లు పోస్తానే ఉండా. ఇప్పుడు యాడ పారేయాల్నో తెలీదు. మీది వెండి యాపారం గదా, నీకు తెలుస్తాదని." ఎంత బాగా తెలిసిందో! ఆ నీళ్లు చూసి సరోజమ్మ నవ్వింది కూడా. వెండికి గాలి తగిలితే నల్లబడుతుందని డాక్టరు భయపడ్డాడు కాబోలు, మాతో చెప్పి ఉంటే చింతపండు పెట్టి తోమిచ్చేవాళ్లం అనింది. మసరత్ కూడా నవ్వింది. దుడ్లు ఇవ్వబోతే వద్దనింది, చీర పెడితే తీసుకుంది. చదువుకోని ఆయా చెప్పిన మాట తప్పకుండా ఇన్నేళ్లూ నీళ్లు పోసింది. అన్నీ తెలిసిన సరోజమ్మ ఇంటికొచ్చిన మరునాడే ఆ నీళ్లు తూముకాడ ఒంపేసి, పలుకులను చేటలో పోసి ఎండబెట్టింది. వేళ్లతో కెలికింది కూడా.

ఫోను మోగింది, పంటి డాక్టరు దగ్గరినుంచే సంగతంతా చెప్పిన కొడుకు. పృథ్వీ. చెవికి పెట్టుకుంటే మొద్దుబారిన దవడకు ఫోను తగులుతున్నట్టే లేదు. "అమ్మా, నాయనను ఐసీయూలో పెట్టినారు. ఆక్సిజన్ పెట్టినారు. నేను మొత్తం చెప్పినా. ముందే చెప్పాల్సిండె గదయ్యా అని డాక్టరు నన్ను అందరి ముందర తిట్టె." ఎవరికో పక్కకు జరిగి దారిచ్చినట్టున్నాడు. "నాయన మాస్కు తీసి తీసి శిల్ప ఎట్లుండాదో అడుగుతాండాడు. నేనేం చెప్పాలమ్మా? ఆమె ఫోను ఎత్తదు. మా అత్త ఫోను స్విచ్చాఫ్. మామకు చేస్తే అంగడి పక్కాయన ఎత్తి, పొద్దున్నే పిల్లను ఆస్పత్రికి తీసుకపోయినారు అన్యాడు. పాత బస్టాండుకాడ ఆడడాక్టరు ఉండాది చూడు, ఆడికి. ఆస్పత్రి నంబరు దొరకలా. నువ్వు యాడుండావు?" వస్తాండా, పోతాండా, అని ఏదో అనింది. దవడ కదలక సగం మాటలు లోపలే ఉండిపోయాయి. "అమ్మా, ఆడికి పొయ్యి ఏడుస్తా కూర్చోవద్దు. ముందు డాక్టరుతో చెప్పు. పాదరసం అని చెప్పు." పెట్టేశాడు. తిట్టలేదు. ఒక్క మాట కూడా తిట్టలేదు వాడు. తిట్టి ఉంటే కొంచెం ఊపిరాడేది.

ఫోనులో శిల్ప పేరు పక్కన ఎర్రగా రెండు గుర్తులు. నిన్న సాయంత్రం ఐదున్నరకు ఒకటి, ఐదూ ముప్పై నాలుగుకు ఒకటి. చూసింది. చూసే ఎత్తలేదు. మామకు జొరమొచ్చి మంచంలో ఉంటే, నాకూ నలతగా ఉందని పుట్టింటికి పోయిన కోడలితో ఏం మాట్లాడేది అనుకుంది. కొత్తకోడలి సుకుమారమని ఆయన అక్కతో ఫోనులో అరగంట చెప్పుకుంది. దగ్గంట, రాత్రుళ్లు నిద్ర లేదంట, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటోందంట, మేం కన్లేదా పిల్లల్ని అని. ఆ ఏడుపు కూడా అదేనంట. సమీరా చెప్పింది, పాదరసం తలకెక్కితే ఊరికే ఏడుపొస్తాదని, కారణం లేకుండా భయమేస్తాదని. పడమటింట్లో గోడవైపు తిరిగి పడుకుని ఆ పిల్ల ఏడుస్తూ ఉంటే, తను గడప దాటకుండానే నిలబడి, ఏం తక్కువైందమ్మా నీకు ఈ ఇంట్లో అనడిగింది. ఏం తక్కువైందో కాదు, ఏం ఎక్కువైందో అడగాల్సింది.

పన్నెండు తులాలు. కాటా మీద తనే పెట్టింది. వెండి కరిగించే మూసలో పోసి, వెలిగారం చల్లి, గ్యాసు మంట తిప్పాడు ఆయన. ఇంటి లోపల మూస పెట్టినప్పుడు తలుపులు వేసుకోవడం వాళ్లింట్లో తాతలనాటి పద్ధతి, మంట నిలకడగా ఉండాలి, వీధిలో పోయేవాళ్ల కళ్లు పడకూడదు. ఫ్యాను ఆపేశారు. శిల్ప పీట మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ కొంచెంసేపు ఓర్చుకుంది, తర్వాత లేచి వీధివైపు కిటికీ రెక్క ఒకటి తెరిచింది. వంటింట్లోంచి కాఫీ కలుపుకుని వచ్చిన సరోజమ్మ చూసింది. ఏంది ఇది, ఊరంతా చూడాల్నా, అని గ్లాసులు కింద పెట్టి తనే పోయి రెక్క మూసి గొళ్లెం పెట్టింది. గొళ్లెం బిగుసుకుపోయి ఉంది, బలంగా నొక్కితే గాని పడలేదు. నొక్కింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కి మరీ పెట్టి, అంగడిలో ఎవరో పిలిస్తే పోయింది. పట్టీల బేరం. గంటసేపు ఆ బేరంలోనే ఉండిపోయింది. గంటసేపు లోపల వాళ్లిద్దరూ. ముగ్గురు. అందుకే తనకేమీ కాలేదు. తెచ్చింది తను, ఎండబెట్టింది తను, గొళ్లెం పెట్టింది తను. నిక్షేపంగా తింటూ తిరుగుతూ, పన్ను విరిగిందని పంటి డాక్టరు దగ్గరికి పోయింది కూడా తనే.

చల్లారాక ముద్దను కాటా మీద పెడితే ఆరు తులాలు కూడా లేదు. నల్లగా, పెళుసుగా, సుత్తితో తడితే అంచు రాలింది. సగం ఏమైందండీ అని తనే అడిగింది. అడిగింది గదా, అక్కడైనా ఆగి ఉండకూడదా! ముప్పై నాలుగేళ్లలో ఏ వెండి సగానికి సగం తరిగింది? మట్టి వెండి తెచ్చినా, అతుకుల వెండి తెచ్చినా ఒక తులం పోతుంది, తులమున్నర పోతుంది. బాలసుబ్రహ్మణ్యం ముద్దను అటూ ఇటూ తిప్పి చూసి, "సిమెంటు కలిపింటారులేవే, సిమెంటు కాలిపోయింది" అన్నాడు. సిమెంటు కాలుతుందా ఎక్కడైనా? ఇద్దరూ నవ్వుకున్నారు, ఎవరి పళ్లలో సిమెంటో అని. పోయిన సగం ఎటుపోయిందని ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. మూసలో లేదు, నేల మీద లేదు, కిటికీ తెరిచి లేదు. ఇంకెక్కడుంటుంది? గది లోపలే ఉంది. ఉండి, గంటసేపట్లో వాళ్ల ముక్కుల్లోంచి ఊపిరిలో కలిసింది. ఆరు తులాల్లో ఆయనకెంత, ఆ పిల్లకెంత, ఇంకా కళ్లు కూడా తెరవని ఆ ప్రాణికెంత? ఏ కాటా తెచ్చి తూచాలి? సరోజమ్మకు గట్టిగా అరవాలనిపించింది. బస్సులో పాటలు పెట్టారు, ఎవరో పొట్లం విప్పి బొరుగులు తింటున్నారు, అరిస్తే పిచ్చిదనుకుంటారు. అనుకుంటే అనుకోనీ. గొంతులోంచి సన్నటి మూలుగు ఒకటి వచ్చింది. పక్కనామె తిరిగి చూసి, పన్ను నొప్పా అక్కా అని జాలిగా అడిగింది. సరోజమ్మ తలూపింది.

కడుపులో బిడ్డకేమైతాదమ్మా అని సమీరాను అడిగింది, అది మాత్రం స్పష్టంగానే వచ్చింది నోట్లోంచి. సమీరా అబద్ధం చెప్పలేదు. "ఏమీ కాకపోవచ్చు. కావచ్చు కూడా. రక్తం, మూత్రం చూస్తేనే తెలుస్తాది. మందు ఉండాది, కడుపుతో ఉన్నప్పుడు ఇయ్యొచ్చో లేదో పెద్ద డాక్టర్లే చెప్పాల. కానీ ఏం పీల్చిందో తెలీకుండా ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేరమ్మా. జొరానికి వైద్యం చేస్తా కూర్చుంటారు." ఆ మాటే పట్టుకుని కూర్చుంది సరోజమ్మ. పోవాలి, చెప్పాలి. సిగ్గు లేదు, పరువు లేదు, వియ్యపురాలు చెప్పుతో కొట్టినా సరే. పాదరసం, పాదరసం అని లోపలే అనుకుంటూ పోయింది. మొద్దుబారిన పెదవులతో పలకడం అలవాటు చేసుకుంది. ఊరు వచ్చేసింది. దిగింది, చెప్పులు సరిగా తొడుక్కుందో లేదో చూసుకోలేదు, ఆటో ఎక్కింది, ఎంతని అడగలేదు.

ఆస్పత్రి మేడమీద మూడో మంచం. శిల్ప మొహం పాలిపోయి, చేతికి సెలైను. పక్కన ఆమె తల్లి నిలబడి ఉంది. డాక్టరు ప్రియదర్శిని మంచం దగ్గరే కాగితాలు చూస్తోంది. సరోజమ్మ ఎవరినీ పలకరించలేదు. గడపలోనుంచే మొదలుపెట్టింది. సీసా అనింది, పంటి వెండి అనింది, పాదరసం అనింది, వాన అనింది, నడిమిల్లు అనింది, గొళ్లెం నేనే పెట్టినా అనింది. దవడ వంకర పోతున్నా ఆపలేదు. వియ్యపురాలు "ఏంది వదినా, ఏంది నువ్వు చెప్పేది, నా బిడ్డ..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. డాక్టరు మాత్రం సరోజమ్మను చూడలేదు. శిల్పను చూసింది.

"పొద్దున్నుంచి మూడుసార్లు అడిగినా గదమ్మా నిన్ను? ఇంట్లో ఏమన్నా కాల్చినారా, ఏమన్నా పొగ పీల్చినావా అని. మొన్న వచ్చినప్పుడు కూడా అడిగినా. లేదు మేడం, లేదు మేడం అంటివే! ఎందుకు చెప్పలా?"

శిల్ప పెదవులు తడుపుకుంది. "ఇంట్లో మూస పెట్టిన సంగతి బయట చెప్పకూడదంట మేడం. వెండి ఎవురిది, యాడిది అని నాలుగు మాటలొస్తాయంట. అత్త చెప్పింది. పుట్టింట్లో కూడా అనొద్దనింది. నిన్న శానా ఆయాసమైతే, డాక్టరుతో చెప్పమంటావా అని అడగదామని అత్తకు రెండుసార్లు ఫోను చేస్తి."

సరోజమ్మ ఆ మాట ఎప్పుడన్నదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కాఫీ గ్లాసులు తీసేటప్పుడా, రాత్రి అన్నాలప్పుడా? రాలేదు. గంటసేపు బస్సులో అన్నీ ఏరి ఏరి తన నెత్తిన వేసుకుంది, ఇది మాత్రం తట్టనే లేదు. వచ్చిన ప్రతి కొత్త మనిషికీ చెప్పే మాట, తనకూ అత్త చెప్పిన మాట, నోటికి అలవాటైపోయి ఎప్పుడో అనేసి మరిచిపోయిన మాట.

నర్సు రక్తం తీసే సూది పట్టుకుని వచ్చింది. కడప పెద్దాస్పత్రికి ఫోను చేయమని డాక్టరు ఎవరికో చెప్పి, కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుని, కలం తెరిచింది. "సరే. ఇప్పుడు మొదటినుంచి చెప్పు తల్లీ. ఎంతసేపుండావు ఆ గదిలో?"

శిల్ప నోరు తెరిచింది. తెరిచి, ఆగి, తలతిప్పి సరోజమ్మ వైపు చూసింది.

"చెప్పొచ్చా అత్తా?"